యంత్రశాస్త్ర విద్య – తెలుగు మాధ్యమ విద్యార్థి
(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగపాఠం)



డెబ్బది అయిదు సంవత్సరాల పండుగనాడు చెప్పుకోదగిన విషయాలు ఎన్నో ఉంటాయి. అయితే ప్రతి వేసవిలో పరీక్షా ఫలితాలు వెలువడగానే ఈ పాఠశాల వరండాలో వినవచ్చే ప్రశ్న ఒకటున్నది. "మా వాడు పదవ తరగతి వరకు తెలుగులో చదివినవాడండీ. ఇంజనీరింగులో నెగ్గుకు రాగలడంటారా? అందులోనూ మెకానికల్ కావాలంటున్నాడు. కంప్యూటరు తీసుకొమ్మని మీరైనా చెప్పండి." అడుగుతున్నది ఆడపిల్ల తండ్రి అయితే ఇంకొక వాక్యం కూడా చేరుతుంది: "ఆడపిల్లకు ఆ మసి, ఆ నూనె ఎందుకండీ?" ఈ మాటలలో భాష గురించిన భయం ఉన్నది, బ్రతుకుతెరువు గురించిన భయం ఉన్నది, నలుగురూ ఏమనుకుంటారోనన్న సంకోచమూ ఉన్నది. ఏదీ కొట్టిపారేయదగినది కాదు. ఒక కుటుంబం నాలుగు సంవత్సరాల కాలాన్ని, కూడబెట్టిన ధనాన్ని ఒక నిర్ణయంపై ఉంచినప్పుడు భయం సహజం. ఆ భయంలో నిజమెంత, అపోహ ఎంత అన్నది పరిశీలించడానికే ఈ ప్రసంగం.

ఈ నగరంలో ఆ పరిశీలన ఎక్కడ మొదలుపెట్టాలో వెదకనక్కరలేదు. కృష్ణరాజేంద్ర కూడలి వద్ద నిలబడితే చాలు. అక్కడి విశ్వేశ్వరయ్య ఇంజనీరింగు కళాశాల 1917లో స్థాపితమైనది. నాటి మైసూరు దివాను మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు దానికి కారకులు. ఆయన పూర్వీకులది ప్రకాశం సీమలోని గిద్దలూరు సమీపాన ఉన్న మోక్షగుండం గ్రామం. ఆయన జన్మించినది చిక్కబళ్ళాపురం వద్ద ముద్దెనహళ్ళి. ఇంటిపేరులో ఆంధ్ర గ్రామాన్నీ, పుట్టుకలో కన్నడ గ్రామాన్నీ మోసిన మనిషి. చిన్ననాటనే తండ్రిని కోల్పోయి, ఈ నగరంలోని సెంట్రల్ కాలేజీలో ఇతరుల పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ చదివి 1881లో బి.ఏ. పట్టం పొందారు. ఇంజనీరింగు చదవాలంటే నాడు మైసూరు సంస్థానంలో కళాశాల లేదు. సంస్థానం ఇచ్చిన విద్యార్థివేతనంతో పూనా వెళ్ళి 1883లో ఆ చదువు ముగించారు. ముప్పది నాలుగు సంవత్సరాల తరువాత, దివాను పదవిలో ఉండగా, ఆ ప్రయాణం అవసరం లేకుండా బెంగుళూరులోనే కళాశాల తెరిపించారు. అది సివిల్, మెకానికల్ అనే రెండు శాఖలతో ప్రారంభమైనది. కంప్యూటరు శాఖలు ఈ నగరంలో పుట్టడానికి కొన్ని దశాబ్దాల ముందుమాట అది.

విశ్వేశ్వరయ్యగారి చదువు సివిల్ ఇంజనీరింగు. అయినా ఆయనకు తొలినాళ్ళ కీర్తిని తెచ్చిన వస్తువు ఒక యంత్రమే. పూనా సమీపాన ఖడక్‌వాస్లా జలాశయానికి 1903లో ఆయన అమర్చిన స్వయంచాలిత తలుపులు, నీటిమట్టం హద్దు దాటగానే మనిషి చేయి తగలకుండా తెరచుకొని, మట్టం తగ్గగానే మూతపడేవి. 1908 సెప్టెంబరులో మూసీనది పొంగి హైదరాబాదును ముంచినప్పుడు, మరుసటి సంవత్సరం నిజాం ప్రభుత్వం పిలిపించినది ఆయననే. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలకు మూలం నాటి ఆయన సలహాలు. ఇవి అందరికీ తెలిసిన సంగతులు. అంతగా తెలియనిది ఇంకొకటి ఉన్నది. భద్రావతి ఇనుప కర్మాగారానికి అధ్యక్షత వహించినందుకు తనకు రావలసిన ప్రతిఫలాన్ని ఆయన స్వీకరించక, యువకులకు చేతిపనులు నేర్పే సంస్థ నెలకొల్పడానికి వినియోగించమన్నారు. 1943లో బెంగుళూరులో జయచామరాజేంద్ర పేరిట ఏర్పడిన వృత్తివిద్యా సంస్థ అదే. ఇంజనీరును తయారుచేసే కళాశాలకూ, లేతు మిషను ముందు నిలబడేవానిని తయారుచేసే బడికీ ఆయన దృష్టిలో గౌరవభేదం లేదు. ఆ భేదం తరువాతి తరాలవారు తెచ్చుకున్నది.

1917 నాటి ఆ కళాశాల స్థాపనలో పాలుపంచుకున్నవారిలో ఎస్.వి. శెట్టిగారి పేరు పాఠ్యపుస్తకాలలో కనబడదు. మైసూరుకు చెందిన ఆయన ఇంగ్లండు వెళ్ళి, అవ్రో విమాన సంస్థలో పనిచేసి, విమానాల రూపకల్పనలో, వాటిని నడపడంలో అనుభవం గడించి తిరిగివచ్చినవారు. 1918లో ప్రపంచాన్ని కబళించిన ఇన్‌ఫ్లుయెంజాలో అకాలమరణం చెందారు. ఈ నగరంలో విమాన కర్మాగారం రావడానికి రెండు దశాబ్దాలకు ముందే, విమానాన్ని విప్పి బిగించిన చేతులు ఇక్కడి విద్యార్థులకు పాఠం చెప్పాయన్నమాట.

ఇక చదువు విషయం. మెకానికల్ ఇంజనీరింగులో నాలుగు సంవత్సరాలు, ఎనిమిది సెమిస్టర్లు. మొదటి సంవత్సరం అన్ని శాఖలవారికీ ఇంచుమించు ఒకటే: గణితం, భౌతిక రసాయన శాస్త్రాలు, ఇంజనీరింగు డ్రాయింగు, వర్కుషాపు. రెండవ సంవత్సరం నుంచి అసలు శాస్త్రం ఆరంభమవుతుంది. పదార్థాల బలం, ఉష్ణగతిక శాస్త్రం, ద్రవయాంత్రిక శాస్త్రం, యంత్రాల చలనశాస్త్రం, తయారీ పద్ధతులు, కొలతల శాస్త్రం, యంత్ర భాగాల రూపకల్పన, ఉష్ణప్రసారం. ఈ పేర్లు విని బెదరిపోయే తల్లిదండ్రులకు ఒక మాట. ఇందులో ఏ విషయానికైనా బీజం వంటింటిలోనో, కమ్మరి కొలిమి వద్దనో కనబడుతుంది.

ప్రెషర్ కుక్కరునే చూడండి. లోపలి ఆవిరి బయటి గాలి ఒత్తిడికి ఇంచుమించు రెట్టింపు ఒత్తిడికి చేరుతుంది. అందువల్ల నీరు నూరు డిగ్రీల వద్ద గాక సుమారు 120 డిగ్రీల వద్ద మరుగుతుంది. పప్పు త్వరగా ఉడుకుతుంది. ఒత్తిడికీ మరుగు ఉష్ణోగ్రతకూ గల ఈ సంబంధాన్ని అంకెలలో పొందుపరచిన పట్టికలే ఉష్ణగతిక శాస్త్ర విద్యార్థి చేతిలో ఉండే ఆవిరి పట్టికలు. కుక్కరు మీది బరువు ఎంత ఉండాలో నిర్ణయించినవాడు మెకానికల్ ఇంజనీరు. ఆ బరువు పైకి లేవకపోతే కరిగిపోవలసిన రక్షణ బిళ్ళ ఏ ఉష్ణోగ్రతకు కరగాలో నిర్ణయించినవాడూ అతడే.

బండిచక్రానికి ఇనుపకట్టు వేయడం ఈ సభలోని పెద్దలలో చాలామంది చూసే ఉంటారు. కమ్మరి కట్టును చక్రం కంటె కొంచెం చిన్నదిగా చేస్తాడు. పిడకల మంటలో ఎర్రబడేదాకా కాలుస్తాడు. ఇద్దరు ముగ్గురు పొడవైన పట్టకార్లతో ఎత్తి చక్రానికి తొడుగుతారు; వెంటనే నీళ్ళు చల్లుతారు. కట్టు కుదించుకొని కొయ్యను బిగించి పట్టుకుంటుంది. చీలలేవీ అక్కరలేదు. ఇప్పుడు లెక్క చూడండి. ఉక్కు ఒక డిగ్రీ వేడికి తన పొడవులో లక్షకు సుమారు 1.2 వంతు వ్యాకోచిస్తుంది. 1.2 మీటర్ల వ్యాసం గల కట్టును 500 డిగ్రీల మేర వేడిచేస్తే దాని వ్యాసం సుమారు 7 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఆ 7 మిల్లీమీటర్లలోనే కమ్మరి విద్య అంతా ఉన్నది. ఎక్కువ చిన్నదిగా చేస్తే కట్టు తొడుగుకోదు. తక్కువ చేస్తే బిగియదు. రైలుచక్రానికి ఉక్కు కట్టు తొడిగే పద్ధతికి ఆధారం కూడా ఇదే సూత్రం. యంత్ర రూపకల్పన పాఠంలో మూడవ సంవత్సరం విద్యార్థి ఇదే లెక్కను పరీక్షలో చేస్తాడు. ఊరిలో చక్రానికి కట్టు వేస్తుండగా చూసిన పిల్లవాడికి ఆ ప్రశ్న కాగితం మీద కాక కళ్ళ ముందు కనబడుతుంది.

ఇంత చెప్పినా భాషాభయం పోదు. అందులో నిజం లేకపోలేదు. తెలుగులో చదివిన విద్యార్థి మొదటి సెమిస్టరులో నిజంగానే తడబడతాడు. ఉపన్యాసం వేగంగా సాగుతుంటే పదాన్ని పట్టుకునేలోగా వాక్యం వెళ్ళిపోతుంది. ప్రశ్న లేచి అడగడానికి సిగ్గు. ఒక సబ్జెక్టు తప్పితే, తాను ఈ చదువుకు తగనని నిశ్చయించుకుంటాడు. ఇదీ అసలు ప్రమాదం. తప్పినది ఆంగ్ల వాక్యంలో. నింద మోసినది తన బుద్ధి. ఈ తేడాను తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు ఆ వయసు పిల్లలకు విడమరచి చెప్పకపోతే చెప్పేవారు ఇంకెవరూ ఉండరు.

నిజానికి శాస్త్రపదాల విషయంలో తెలుగు విద్యార్థి ఒక మెట్టు పైనే ఉన్నాడు. ఆంగ్లంలో 'స్ట్రెస్', 'స్ట్రెయిన్' అన్న రెండు మాటలు వ్యవహారంలో ఇంచుమించు ఒకే అర్థమిస్తాయి. ఆంగ్ల మాధ్యమంలో చదివిన పిల్లలు కూడా ఆ రెండింటినీ తారుమారు చేసుకుంటూ ఉంటారు. తెలుగులో వాటికి ప్రతిబలం, వికృతి అని పేర్లు. బయటి బలాన్ని ఎదుర్కొనేందుకు పదార్థంలో పుట్టేది ప్రతిబలం. దానివల్ల ఆకారంలో కలిగే మార్పు వికృతి. పేరులోనే నిర్వచనం ఉన్నది. జడత్వం, ద్రవ్యవేగం, బలయుగ్మం, స్థితిస్థాపకత అన్నవీ అట్టివే. 1968లో హైదరాబాదులో ఏర్పడిన తెలుగు అకాడమీ పుస్తకాలు ఇటువంటి పదాలను వేల విద్యార్థుల చేతికి అందించాయి. ఈ పదాలు తెలిసినవాడు కొత్తగా నేర్చుకోవలసినది శాస్త్రం కాదు, ఆ శాస్త్రానికి ఉన్న రెండవ పేరు మాత్రమే. ఒక మీటరు పొడవు, ఒక చదరపు సెంటీమీటరు అడ్డుకోత గల ఉక్కు కడ్డీకి సుమారు రెండు టన్నుల బరువు వేలాడదీస్తే అది ఒక్క మిల్లీమీటరు సాగుతుంది. బరువు తీసివేస్తే మళ్ళీ యథాస్థితికి వస్తుంది. ఈ వాక్యాన్ని తెలుగులో గ్రహించినవానికి యంగ్ గుణకం ఏ భాషలో అడిగినా తెలిసినట్లే.

భారతీయ భాషలో ఇంజనీరింగు చెప్పడం సాధ్యం కాదని వాదించేవారికి చరిత్రే సమాధానం. హైదరాబాదులో 1929లో ప్రారంభమైన ఉస్మానియా ఇంజనీరింగు కళాశాలలో బోధన ఉర్దూలో జరిగింది. అందుకోసం విశ్వవిద్యాలయం ప్రత్యేకంగా అనువాద శాఖను నిర్వహించింది. 1948 తరువాత ఆ స్థానాన్ని ఆంగ్లం ఆక్రమించింది. మళ్ళీ 2021లో అఖిల భారత సాంకేతిక విద్యామండలి తెలుగు, కన్నడాలతో సహా కొన్ని భారతీయ భాషలలో ఇంజనీరింగు బోధించడానికి కళాశాలలకు అనుమతినిచ్చింది. అయినా ఈ పాఠశాల పిల్లలు అందుకోసం వేచియుండటం వివేకం కాదు. ఉద్యోగం, పరిశోధన, కర్మాగారంలోని సూచిక పుస్తకం అన్నీ ఇంకా ఆంగ్లంలోనే ఉన్నాయి. తెలుగులో అర్థం చేసుకొని, ఆంగ్లంలో వ్రాయడం అభ్యసించడమే నేటికి సరియైన మార్గం. రోజుకు అరగంట చొప్పున, ఇంటర్మీడియట్ లేదా పి.యు.సి. రెండు సంవత్సరాలు ఆ అభ్యాసం సాగితే తడబాటు చాలావరకు తీరుతుంది.

బెంగుళూరు తెలుగు పిల్లలకు ఇంకొక సౌకర్యం ఉన్నది. దానిని ఎవ్వరూ లెక్కలోకి తీసుకోరు. వర్కుషాపులో పని నేర్పే బోధకులు, సహాయకులు సాధారణంగా కన్నడం మాట్లాడతారు. ఉలి అక్కడ ఉళి, సుత్తి సుత్తిగె, కొలిమి కులుమె. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం మాట్లాడుతూ పెరిగిన పిల్లవానికి పనిముట్ల ప్రపంచంలో పరాయితనం లేదు. ఏ పెద్ద నగరం నుంచో వచ్చి, జీవితంలో సుత్తి పట్టని విద్యార్థి కంటె అతడు అక్కడ నిలకడగా ఉంటాడు.

ఆ వర్కుషాపు గురించి కొంత వివరంగా చెప్పవలసియున్నది, ఎందుకంటే తల్లిదండ్రులకు చిన్నచూపు ఉన్నది దానిమీదనే. మొదటి రోజున విద్యార్థికి ఒక ఇనుప పలకను ఇస్తారు. వైసులో బిగించి, ఆకురాయితో రాచి, నాలుగు అంచులు సరిగా లంబకోణంలో ఉండేటట్లు చేయమంటారు. చూడటానికి అరగంట పని. రోజంతా పడుతుంది. ఒక అంచు సరిచేస్తే పక్క అంచు తప్పుతుంది. మూలమట్టాన్ని పలకకు ఆనించి వెలుగుకు ఎదురుగా పట్టి చూస్తే, ఎక్కడో ఒకచోట సన్నని వెలుగుగీత కనబడుతుంది. ఆ గీత పోవాలి. ఆత్రపడి రాస్తే పలక కొలత తగ్గిపోతుంది, తగ్గినది తిరిగిరాదు. సాయంకాలానికి అరచేతిలో బొబ్బలు, చొక్కా నిండా ఇనుప రజను. మైక్రోమీటరు అనే కొలత పనిముట్టు మిల్లీమీటరులో నూరవ వంతును చూపుతుంది. మనిషి తలవెంట్రుక మందం అందుకు ఎన్నో రెట్లు. ఆ నూరవ వంతుకు విలువ ఏమిటో పుస్తకం చెప్పలేదు. ఒకసారి పలకను పాడుచేసుకున్న చేతికే అది తెలుస్తుంది. యంత్ర భాగం గీసి "ఇక్కడ ఇంత ఖచ్చితం కావాలి" అని వ్రాసే ఇంజనీరు, ఆ ఖచ్చితానికి ఎదుటివాని శ్రమ ఎంత పడుతుందో ఎరిగి వ్రాయాలి. ఇది ఎరుగని ఇంజనీర్ల వల్ల కర్మాగారాలలో జరిగే వ్యర్థం కొంత కాదు.

డ్రాయింగు ఇంకొక గండం. మొదటి సంవత్సరంలో విద్యార్థులను ఏడిపించే విషయం ఇదే. ఒక వస్తువును ముందునుంచి, పైనుంచి, పక్కనుంచి చూస్తే ఎట్లా కనబడుతుందో కాగితం మీద చూపాలి. భారతదేశంలో అనుసరించే పద్ధతిలో పైనుంచి చూసిన రూపాన్ని ముందు రూపానికి క్రిందుగా గీస్తారు. పైది క్రిందికి ఎందుకు వచ్చిందని పిల్లలు తికమకపడతారు. వస్తువు వెనుక ఒక గోడ, క్రింద ఒక నేల ఉన్నట్లు ఊహించి, ముందునుంచి చూసినది వెనుక గోడ మీద, పైనుంచి చూసినది నేలమీద పడిందనుకొని, ఆ నేలను క్రిందికి మడిచి గోడతో సమంగా చేస్తే సందేహం తీరుతుంది. కాగితపు పెట్టెను విప్పి చూపితే ఎనిమిదవ తరగతి పిల్లలకు కూడా బోధపడుతుంది. శంకువు ఖండాలకు ముల్లంగి దుంపను మించిన ఉపకరణం లేదు. కొన వైపు శంకువులా చెక్కి అడ్డంగా కోస్తే వృత్తం; ఏటవాలుగా కోస్తే దీర్ఘవృత్తం; ఒక వాలుకు సమాంతరంగా కోస్తే పరావలయం. నేడు అనేక కళాశాలలలో డ్రాయింగు కంప్యూటరు తెర మీదికి మారింది. తెర గీతను గీస్తుందే తప్ప ఊహను ఇవ్వదు.

కంఠస్థం చేయడం రాదు గనుక తమ బిడ్డ వెనుకబడతాడేమోనని బాధపడే తల్లులకు ఊరట కలిగించే విషయం ఒకటున్నది. యంత్ర రూపకల్పన పరీక్షకు విద్యార్థి పుస్తకం చేతపట్టుకొని వెళ్ళవచ్చు. సూత్రాలు, పట్టికలు, పదార్థాల గుణాలు పొందుపరచిన ఆ పుస్తకాన్ని డేటా హ్యాండ్‌బుక్ అంటారు. ఆచార్యులు కె. లింగయ్య, బి.ఆర్. నారాయణ అయ్యంగారు గార్లు కూర్చిన అటువంటి పుస్తకాన్ని 1962లో బెంగుళూరు ఇంజనీరింగు కళాశాల సహకార సంఘం ప్రచురించింది. లింగయ్యగారు విశ్వేశ్వరయ్య కళాశాలలోనే మెకానికల్ శాఖకు అధిపతిగా పనిచేసినవారు. తరువాత విస్తరించిన రూపంలో ఆయన గ్రంథాన్ని 1994లో న్యూయార్కులోని మెగ్రా-హిల్ సంస్థ ప్రచురించింది. సహకార సంఘం అచ్చొత్తించిన పుస్తకం అమెరికా చేరింది. అయితే పుస్తకం ముందున్నంత మాత్రాన ప్రశ్న తేలిక కాదు. వేయి సూత్రాలలో ఏది ఈ ఇరుసుకు తగినదో, ఎంత భద్రతా గుణకం తీసుకోవాలో నిర్ణయించడమే పరీక్ష. మంచి మార్కులు తెచ్చుకున్న కంఠస్థవిద్య ఇక్కడ నిస్సహాయంగా నిలబడిపోతుంది.

ఆడపిల్లల విషయం. అయ్యలసోమయాజుల లలితగారు తెలుగు ఆడపడుచు. 1919లో మద్రాసులో జన్మించి, బాల్యవివాహమై, పద్దెనిమిదేళ్ళకే భర్తను కోల్పోయారు. అప్పటికి చేతిలో నాలుగు నెలల పాప. నాటి సంప్రదాయ కుటుంబాలలో అట్టి యువతికి మిగిలిన బ్రతుకు ఎటువంటిదో ఈ సభలోని పెద్దలకు వివరించనక్కరలేదు. ఆమె తండ్రి పప్పు సుబ్బారావుగారు గిండీ ఇంజనీరింగు కళాశాలలో ఆచార్యులు. ఆయన తన కూతురుకు సీటు ఇప్పించారు. 1943లో ఆమె విద్యుత్ ఇంజనీరుగా పట్టభద్రురాలయ్యారు; దేశంలో తొలి మహిళా ఇంజనీర్లలో ఒకరు. పట్టా కాగితం మీద పురుషవాచకం అచ్చువేసి ఉండగా దానిని కొట్టివేసి స్త్రీవాచకం చేతితో వ్రాయవలసివచ్చింది. ఆమె శాఖ మెకానికల్ కాదు. కాని ఆచరణ శిక్షణ పొందినది జమాల్‌పూరు రైల్వే కార్ఖానాలో, మసి నడుమనే. తరువాత కలకత్తాలో ఉద్యోగం చేస్తూ భాక్రా-నంగల్ విద్యుత్ పథకానికి పనిచేశారు. 1964లో న్యూయార్కులో జరిగిన మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల తొలి అంతర్జాతీయ సభకు హాజరయ్యారు. ఆ పాప తల్లి వెంట పెరిగి పెద్దదయింది. ఎనిమిది దశాబ్దాలు గడచినా మెకానికల్ తరగతి గదిలో ఆడపిల్లలు ఇంకా వేళ్ళమీద లెక్కించదగినంతమందే కనబడతారు. అందుకే ఐ.ఐ.టీ.లు 2018 నుంచి బాలికలకు అదనపు సీట్లు కల్పించడం మొదలుపెట్టాయి. ఆకురాయి పట్టడానికి కావలసినది కండబలం కాదు, ఓర్పు. ముగ్గు వేసేటప్పుడు చుక్కల నడుమ దూరం చేతితో సరిచూసుకునే ఆడపిల్లకు ఆ ఓర్పు నేర్పవలసిన పనిలేదు.

ఇక బ్రతుకుతెరువు. ఇక్కడ తీపిమాటలు చెప్పడం న్యాయం కాదు. ఇటీవలి సంవత్సరాలలో కంప్యూటరు సీట్లు పెరుగుతూ, మెకానికల్ సీట్లు చాలా కళాశాలలలో నిండక మిగిలిపోతున్నాయి. మెకానికల్ పట్టభద్రునికి తొలి ఉద్యోగంలో జీతం సాధారణంగా తక్కువ, కర్మాగారం ఊరికి దూరం, షిఫ్టు పని. మెకానికల్ చదివి సాఫ్ట్‌వేరులో చేరినవారు ఈ సభలోనే ఉండవచ్చు. మరమ్మతు పనులు, యంత్రాలు, చలనం ఇష్టం లేని పిల్లవానిని మెకానికల్‌లో చేర్చడం, ఇష్టం లేనివానిని కంప్యూటరులో చేర్చడమంత తప్పే. అయితే ఈ నగరం కంప్యూటరుతోనే పుట్టిందనుకోవడం పొరపాటు. 1940లో వాల్‌చంద్ హీరాచంద్ మైసూరు ప్రభుత్వ సహకారంతో ఇక్కడ విమాన కర్మాగారం స్థాపించారు, నేటి హెచ్.ఏ.ఎల్. అదే. 1953లో జాలహళ్ళిలో హిందుస్థాన్ మెషిన్ టూల్స్ ఏర్పడింది. యంత్రాలను తయారుచేసే యంత్రాలు అక్కడ తయారయ్యాయి. ఎందరో తెలుగువారి చేతి గడియారాలు కూడా ఆ సంస్థవే. ఆ గడియారాల విభాగం 2016లో మూతపడినది. ఈ సంగతి కూడా పిల్లలకు దాచకూడదు; యంత్రం చేసే సంస్థ కూడా కాలాన్ని గమనించక తప్పదు. నేడు నగరంలో తిరిగే మెట్రో పెట్టెలలో అనేకం బి.ఇ.ఎం.ఎల్. చేసినవి. అంతరిక్ష సంస్థ ఉపగ్రహం లోపల ఏ భాగం ఎంత వేడెక్కుతుందో, రాకెట్టు కుదుపుకు ఏది విరుగుతుందో లెక్కకట్టేవారు మెకానికల్ చదివినవారే. ఆ సంస్థకు 1972 నుంచి 1984 వరకు అధ్యక్షులుగా ఉన్న సతీష్ ధావన్‌గారు లాహోరులో మెకానికల్ ఇంజనీరింగు పట్టా పొందారు. అంతకుముందే ఆంగ్లసాహిత్యంలో ఎం.ఏ. చేశారు. సాహిత్యం చదివితే యంత్రం రాదనీ, యంత్రం చదివితే సాహిత్యం అక్కరలేదనీ అనుకునేవారు శ్రీహరికోట కేంద్రం ద్వారం మీది పేరును ఒకసారి చూడాలి.

ఈ పాఠశాల ఇందుకోసం చేయగలిగినది స్వల్పమే, కాని అసాధ్యం కాదు. ప్రయోగశాల పక్కన ఖాళీగా ఉన్న గదిలో ఒక గట్టి కొయ్యబల్ల, దానికి ఒక వైసు, నాలుగు ఆకురాళ్ళు, రెండు మూలమట్టాలు, ఒక వెర్నియరు, ఒక మైక్రోమీటరు ఉంటే చాలు. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు శనివారం పూట గంటసేపు, బాలురూ బాలికలూ సమానంగా, ఇనుప పలక మీద తమ చేయి పరీక్షించుకోవచ్చు. కళ్ళకు అద్దాలు, పక్కన ఉపాధ్యాయుడు తప్పనిసరి. భౌతికశాస్త్ర ఉపాధ్యాయులు ప్రతి పాఠంలోని తెలుగు పదాల పక్కన ఆంగ్ల పదాలను గోడబల్ల మీద వారం వారం వ్రాసి ఉంచుతారు.

పూర్వ విద్యార్థులలో ఇంజనీరింగు చదివినవారి ఇళ్ళలో, అటక మీద, వాడని డ్రాఫ్టరు, డ్రాయింగు బల్ల, అట్ట ఊడిన డేటా పుస్తకం ఉండనే ఉంటాయి. వాటిని పాఠశాల కార్యాలయంలో అందజేస్తే, ఇచ్చినవారి పేరు, వారు చదివిన సంవత్సరం లోపలి పుటలో వ్రాసి గ్రంథాలయంలో భద్రపరచే ఏర్పాటు జరిగింది. శనివారపు బల్ల వద్ద నెలకు ఒక్క గంట గడపగలిగినవారు తమ పేరును కార్యాలయంలోని పుస్తకంలో ఈ రోజే నమోదు చేసుకోవచ్చు. ఆ పుస్తకం ద్వారం వద్ద ఉన్న మేజా మీద ఉన్నది.